పుస్తకాల అరల మధ్య జాజ్

బెంగళూరులో మంచి పుస్తకాల షాపులకు కొదవ లేదు. జాజ్ వాయించేవాళ్లకూ లేదు. ఈ రెండూ ఒక గదిలో కలిసే సాయంత్రాలకే కరవు. పేటలో అందరూ ఎరిగిన చిన్న షాపు, నాలుగు వరసల కుర్చీలు, ముగ్గురు వాద్యకారులు, మైకు లేని సంగీతం. ఈ ఊరికి అది అసాధ్యమేమీ కాదు. కావలసినవన్నీ ఇక్కడే ఉన్నాయి.

చర్చ్ స్ట్రీట్ సంగతే చూడండి. పొడవు ముప్పావు కిలోమీటరు కూడా ఉండదు. మన కోఠి ఫుట్‌పాత్‌లను పక్కన పెడితే, ఇంత చిన్న జాగాలో ఇన్ని పుస్తకాలు దొరికే వీధి దక్షిణాదిలో ఇంకొకటి ఉందని నేననుకోను. బ్లాసమ్ బుక్ హౌస్ అక్కడే. ఇంజినీరింగ్ చదివి, ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు అమ్మిన మాయి గౌడ పెట్టిన షాపు అది. దానికి కూతవేటు దూరంలో బుక్‌వర్మ్. బ్రిగేడ్ రోడ్డు వైపు సందులోకి వెళ్తే 1945 నుంచి నడుస్తున్న సెలెక్ట్ బుక్ షాప్. మ్యూజియం రోడ్డు మలుపులో టి.ఎస్. షాన్‌బాగ్ గారి ప్రీమియర్ కూడా ఉండేది. 1971లో తెరిచారు, 2009లో మూసేశారు. కిందనుంచి పైదాకా పేర్చిన పుస్తకాల గుట్టల్లోంచి అడిగిన పుస్తకాన్ని చటుక్కున లాగి ఇచ్చే షాన్‌బాగ్ గారిని తలుచుకుని ఇప్పటికీ బాధపడే పాఠకులు ఈ ఊళ్లో ఎందరో.

2020 నవంబరులో శని, ఆదివారాలు చర్చ్ స్ట్రీట్‌లోకి వాహనాలు రానీయకుండా నడిచేవాళ్లకే వదిలేశారు. రోడ్డు ఖాళీ అయ్యేసరికి గిటార్లు బయటికొచ్చాయి. పుస్తకాల సంచి భుజాన వేసుకున్న మనిషి పాట వినపడిన చోట ఆగుతాడు. చదివేవాడికీ వినేవాడికీ పనిగట్టుకుని పరిచయం చేయాల్సిన పని లేదు, చాలాసార్లు ఇద్దరూ ఒకరే. ఇది కనిపెట్టిన షాపులు బెంగళూరులో లేకపోలేదు. కోరమంగళలో మొదలై ఇందిరానగర్‌కు మారిన అట్టా గలాటా పుస్తకాలతో పాటు కవిత్వానికీ నాటకానికీ చోటిచ్చింది. 2019లో వసంతనగర్ ఎడ్వర్డ్ రోడ్డులో తెరిచిన చంపక షాపులో పుస్తకాల పక్కనే కాఫీ తాగుతూ గంటలు గడపొచ్చు. అంటే సగం దారి ఇప్పటికే నడిచేశారు. మిగిలిన సగం, వారానికో సాయంత్రం, ఒకే రోజు, ఒకే వేళకు, తప్పకుండా సంగీతం. ఆ తప్పకుండా అన్నదే అసలు సంగతి.

చెనరీ స్ట్రీట్ శుక్రవారం

అలా తప్పకుండా చేసే షాపు ఒకటి అమెరికాలో శాన్ ఫ్రాన్సిస్కో నగరంలో ఉంది. గ్లెన్ పార్క్ అనే పేటలో, చెనరీ స్ట్రీట్‌లో, బర్డ్ అండ్ బెకెట్. సాక్సోఫోన్ మహామహుడు చార్లీ పార్కర్ ముద్దుపేరునూ, నాటకకర్త శామ్యూల్ బెకెట్ ఇంటిపేరునూ కలిపి పెట్టుకున్న షాపు. 1999లో ఎరిక్ విటింగ్టన్ దీన్ని మొదలుపెట్టారు. శుక్రవారం సాయంత్రం జాజ్ అక్కడ రెండు దశాబ్దాలకు పైగా ఆనవాయితీ. పుస్తకాల బల్లలు ఓ పక్కకు జరుపుతారు, కుర్చీలు వేస్తారు, పేటలోని పెద్దవాళ్లూ పిల్లలూ వచ్చి కూర్చుంటారు. సంగీతకారులకు డబ్బులివ్వడం కోసం లాభాపేక్ష లేని సంస్థనొకదాన్ని విడిగా పెట్టుకున్నారు. కొవిడ్ కాలంలో తలుపులు మూసినా కచేరీలను ఇంటర్నెట్‌లో ప్రసారం చేశారు.

నేను ఈ షాపును మెచ్చుకునేది అక్కడికి పేరున్నవాళ్లు వచ్చి వాయిస్తారని కాదు. ఆ ఊళ్లో ఉండే, ఆ ఊళ్లోనే పాఠాలు చెప్పుకుని బతికే వాద్యకారుడికి ఫలానా రోజు ఫలానా చోట వాయిస్తానన్న భరోసా అది ఇచ్చింది. కళాకారుడికి సన్మానం కన్నా ఆ భరోసా పెద్దది. అమెరికాలోనే కాదు, లండన్‌లోనూ ఫాయిల్స్ అనే పెద్ద పుస్తకాల షాపు 2002లో రేస్ జాజ్ అనే రికార్డుల షాపుకు తన కప్పు కింద చోటిచ్చింది. టోక్యోలో నవలాకారుడు హారుకి మురకామి పుస్తకాలు రాయకముందు, 1974లో, పీటర్ క్యాట్ అనే జాజ్ కేఫ్ పెట్టుకుని ఏడేళ్లు నడిపారు. తొలి నవలలు ఆ కేఫ్ నడుపుతూ రాత్రి పూట రాసినవే. పుస్తకం, జాజ్ ఒకచోట కాపురం చేయడం లోకంలో కొత్త కాదు.

చిన్న గదిలో ఏం వినపడుతుంది?

జాజ్‌ను పెద్ద స్టేడియంలో వింటే సగమే వింటాం. మిగతా సగం దగ్గరగా కూర్చున్నవాడికే దక్కుతుంది.

డ్రమ్మర్ చేతులు చూడండి. చిన్న గదిలో అతను కర్రలు పక్కన పెట్టి బ్రష్‌లు తీస్తాడు. పిడి చివర విసనకర్రలా విచ్చుకున్న సన్నని ఉక్కు తీగలు. ఎడమ చేత్తో స్నేర్ డ్రమ్ చర్మం మీద గుండ్రంగా రాస్తూ ఉంటాడు, ఎడతెగని ఒక సవ్వడి పుడుతుంది. కుడి చేతి బ్రష్ దాని మీద లయ చుక్కలు పెడుతుంది. ఆ పక్కన నిలువెత్తు డబుల్ బాస్. వాయించేవాడు విల్లు పట్టుకోడు, చూపుడు వేలితో తీగ లాగి వదులుతాడు. బారు అనే ఒక్కో తాళ భాగానికి నాలుగు దెబ్బలు, ఒక్కో దెబ్బకు ఒక్కో స్వరం, నడక ఆగదు. తీగ చెక్కకు తగిలిన చిన్న టక్కు కూడా మొదటి వరసకు వినపడుతుంది. గిటారో పియానోనో మధ్యమధ్య రెండు మూడు స్వరాల గుత్తి పలికించి ఊరుకుంటుంది. అంతే. ముగ్గురు మనుషులు ఒకరినొకరు వింటూ, ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ అప్పటికప్పుడు పాటను అల్లుతున్నారని మనకు కళ్లకు కడుతుంది.

పుస్తకాల షాపు ఈ శబ్దానికి తగిన గది. ఎత్తూ మందమూ ఒకేలా లేని వేలాది అట్టలు గోడలకు ఆనుకుని ఉంటాయి. నున్నని గోడకు తగిలి తిరిగొచ్చే ధ్వని ఇక్కడ చెదిరిపోతుంది, కాగితం కొంత పీల్చుకుంటుంది. గాజు తలుపుల రెస్టారెంట్‌లో చెవుల్లో గింగురుమనే సింబల్ దెబ్బ ఇక్కడ మెత్తబడుతుంది. బాస్ హోరును మాత్రం పుస్తకాలు ఆపలేవు. అందుకే యాంప్లిఫయర్ లేకుండా వాయించడం మేలు. సాక్సోఫోన్, ట్రంపెట్ చిన్న గదికి గట్టి వాద్యాలు. ట్రంపెట్‌కైతే మైల్స్ డేవిస్ పెట్టుకున్నట్టు హార్మన్ మ్యూట్ బిగిస్తే గొంతు తగ్గించి చెవిలో చెప్పినట్టే ఉంటుంది.

జాజ్ మనకు అర్థం కాదని వెనక్కి తగ్గేవాళ్లకు ఓ మాట. త్యాగరాజ ఆరాధనకు వెళ్లి కూర్చున్న చెవికి జాజ్ పరాయిది కాదు. ముందు అందరూ కలిసి పాట వరసను ఓసారి వాయిస్తారు. పాత పాటలు చాలామటుకు 32 బార్లవి. 8 బార్ల చొప్పున నాలుగు ముక్కలు, మూడో ముక్క మాత్రం వేరే దారి పడుతుంది. వరస అయ్యాక ఒక్కొక్కరూ అదే 32 బార్ల చక్రంలో తమ మనోధర్మం చూపిస్తారు. నెరవల్, స్వరకల్పన విన్నవాళ్లకు ఇది వెంటనే పట్టుబడుతుంది. చివర్లో సాక్సోఫోన్ నాలుగు బార్లు, డ్రమ్స్ నాలుగు బార్లు మార్చిమార్చి వాయించుకుంటారు. తని ఆవర్తనంలో మృదంగం, ఘటం ఒకదానికొకటి జవాబు చెప్పుకోవడం మనకు తెలుసు కదా. ఆ తర్వాత మళ్లీ మొదటి వరసకు వచ్చి ముగిస్తారు. తేడా ఎక్కడంటే, మన దగ్గర రాగం కదలకుండా ఉంటుంది, గాయకుడు దాని లోతుల్లోకి దిగుతాడు. జాజ్‌లో కింద స్వరాల గుత్తులు మారిపోతూ ఉంటాయి. ఆ మారే నేల మీద అడుగు తప్పకుండా నడవడమే వాద్యకారుడి గొప్ప. ఈ ఒక్కటీ గుర్తుపెట్టుకుని వింటే చాలు.

1983, జర్మనీ

కర్ణాటక సంగీతం, జాజ్‌ల పొత్తులో బెంగళూరుదీ తెలుగువాళ్లదీ చెరొక పేజీ ఉంది. రెండూ ఒకే ఏడాదివి కావడం విశేషం.

బెంగళూరులో మృదంగ విద్వాంసుడు టి.ఎ.ఎస్. మణి 1964లో కర్ణాటక కాలేజ్ ఆఫ్ పెర్కషన్ స్థాపించారు. బోస్టన్‌లో పుట్టి, చార్లెస్ మింగస్ బృందంలో వాయించిన చార్లీ మరియానో అనే సాక్సోఫోన్ కళాకారుడు భారతదేశం వచ్చి నాదస్వరం నేర్చుకున్నారు. ఆయనా ఈ బెంగళూరు బృందమూ కలిసి 1983లో జర్మనీలోని లుడ్విగ్స్‌బర్గ్‌లో రికార్డు చేసిన ఆల్బమ్ పేరు జ్యోతి. గాత్రం ఆర్.ఎ. రమామణి. విడుదల చేసింది జాజ్ ప్రపంచం నెత్తిన పెట్టుకునే ఈసీఎం సంస్థ. విచిత్రం ఏమిటంటే, ఈ ఆల్బమ్‌ను యూరప్‌లో జాజ్ అభిమానులు అపురూపంగా దాచుకుంటారు, బెంగళూరులో అడిగితే చాలామందికి పేరు కూడా తెలియదు.

అదే 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవంలో మాండొలిన్ పట్టుకుని వేదికెక్కిన పిల్లవాడు పశ్చిమ గోదావరి జిల్లా పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్. అప్పటికి పద్నాలుగేళ్లు. కర్ణాటక సంగీతాన్నే వాయించి జాజ్ శ్రోతలను లేచి నిలబడేలా చేశాడు. పెద్దయ్యాక గిటారిస్టు జాన్ మెక్‌లాలిన్, తబలా విద్వాంసుడు జాకిర్ హుస్సేన్‌లతో రిమెంబర్ శక్తి బృందంలో ప్రపంచమంతా తిరిగాడు. 2014లో 45 ఏళ్లకే వెళ్లిపోయాడు. పాలకొల్లు బస్టాండులో ఆయన పేరు చెప్పి బెర్లిన్ కథ చెబితే ఎందరికి తెలుసో అన్న దిగులు నాకు ఎప్పుడూ ఉంటుంది.

మంగళూరు వైపు బంట్వాళ తాలూకా నుంచి వచ్చిన కద్రి గోపాల్‌నాథ్ సంగతీ చెప్పుకోవాలి. సాక్సోఫోన్‌ను కర్ణాటక సంగీతానికి ఒప్పించిన మనిషి. 1980లో బొంబాయి జాజ్ ఉత్సవంలో అమెరికన్ సాక్సోఫోన్ విద్వాంసుడు జాన్ హ్యాండీ ఆయన వాద్యం విని తనతో కలిసి వాయించమని పిలిచారు. 2008లో సాక్సోఫోన్ కళాకారుడు రుద్రేశ్ మహంతప్పతో కిన్స్‌మెన్ ఆల్బమ్ చేశారు. 1994 నాటి తమిళ సినిమా డ్యూయెట్‌లో రెహమాన్ బాణీలకు వినిపించిన సాక్సోఫోన్ ఆయనదే. ఆ సినిమా డబ్బింగ్‌లో చూసి ఆ వాద్యంతో ప్రేమలో పడిన తెలుగువాళ్లు తక్కువేం కాదు.

ఇవాళ్టి బెంగళూరులోనూ పేర్లకు లోటు లేదు. రాధా థామస్ జాజ్ గాయని మాత్రమే కాదు, పుస్తకాలూ రాశారు. పియానో కళాకారుడు అమన్ మహాజన్‌తో కలిసి ఆమె చేసిన ఆల్బమ్ పేరే బెంగళూరు బ్లూస్. గిటారిస్టులు అమిత్ హేరి, జెరార్డ్ మచాడో ఈ ఊరివాళ్లే. 1987లో అరుణా సుందర్‌లాల్ పెట్టిన బెంగళూరు స్కూల్ ఆఫ్ మ్యూజిక్ తరాలుగా పిల్లలకు పాశ్చాత్య సంగీతం నేర్పుతోంది. నేర్చుకున్న పిల్లలు ఎక్కడ వాయించాలి?

సినిమా వేసిన ముద్ర, చట్టం కట్టిన గాట

ఇక్కడే చిక్కు. అరవైలనాటి మన సినిమాల్లో ట్రంపెట్, డ్రమ్స్ మోగాయంటే అది విలన్ గారి క్లబ్బే. పాడేది ఎల్.ఆర్. ఈశ్వరి, చేతిలో గ్లాసు, చుట్టూ పొగ. ఆవిడ గొంతు అద్భుతం, ఆ బ్యాండు వాయించినవాళ్లూ ఉద్దండులే. కానీ ఆ బాజా వినపడితే మంచి కుటుంబం తల తిప్పుకోవాలని మనకు అలవాటు చేశారు.

చట్టం కూడా అలాగే చూసింది. 2005లో బెంగళూరు నగరంలో వినోద స్థలాల లైసెన్సుల మీద వచ్చిన ఉత్తర్వు కాబరేను, డిస్కోథెక్‌ను, లైవ్ బ్యాండ్‌ను ఒకే గాట కట్టింది. రెస్టారెంట్ల సంఘం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2018 జనవరిలో కోర్టు ఆ ఉత్తర్వును సమర్థించింది. ఆ ఏడాదే పోలీసులు రంగంలోకి దిగడంతో ఇందిరానగర్, కోరమంగళ బార్లలో లైవ్ సంగీతం చాలాచోట్ల ఆగిపోయింది. మరుసటి ఏడాది ఇందిరానగర్‌లో పేరున్న హమ్మింగ్ ట్రీ మూతపడింది. డాన్స్ బార్ల మీద కోపం గిటారు వాయించి ఇంటి అద్దె కట్టుకునేవాడి మీద పడింది. ఇది అన్యాయమని నేను గట్టిగా నమ్ముతాను.

అయితే ఇందిరానగర్ వాసుల గోడు అబద్ధం కాదు. ఇళ్ల మధ్య అర్ధరాత్రి దాకా కిటికీలు అదిరే బాస్ శబ్దం ఎవరు భరిస్తారు? నివాస ప్రాంతాల్లో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45 దాటకూడదని 2000 నాటి శబ్దకాలుష్య నిబంధనలు చెబుతున్నాయి. రాత్రి పది తర్వాత రాత్రి పరిమితి మొదలవుతుంది. ఆ వాసుల పక్షానా, సంగీతకారుల పక్షానా ఒకేసారి నిలబడగలిగిన చోటు పుస్తకాల షాపు. ఏడింటికి మొదలుపెట్టి తొమ్మిదికి ముగించొచ్చు. మైకు అక్కర్లేదు. మద్యం లేదు. పదేళ్ల పిల్లను వెంటబెట్టుకుని అమ్మమ్మ రావొచ్చు. ఆ పిల్ల డబుల్ బాస్‌ను అడుగు దూరం నుంచి చూస్తుంది.

వైట్‌ఫీల్డ్ పాఠం

పుస్తకాలనూ జాజ్‌నూ ఒక కప్పు కిందకు తెచ్చిన చోటు బెంగళూరులో ఒకటుంది, వైట్‌ఫీల్డ్‌లోని విండ్‌మిల్స్ క్రాఫ్ట్‌వర్క్స్. 2012లో తెరిచారు. బీరు అక్కడే తయారవుతుంది, భోజనం ఉంది, గోడల నిండా పుస్తకాల అరలున్నాయి, జాజ్‌కు ప్రత్యేకంగా థియేటర్ ఉంది. కచేరీ నడుస్తుంటే కబుర్లు ఆపాలన్న మర్యాదను ఈ ఊరికి నేర్పిన చోట్లలో అదొకటి.

ఆ నేలకూ జాజ్‌కూ ఉన్న చుట్టరికం పాతది. 1882లో మైసూరు మహారాజు పదో చామరాజ ఒడెయార్ ఆంగ్లో ఇండియన్ల సంఘానికి 3,900 ఎకరాలు ఇచ్చారు. ఆ సంఘాన్ని స్థాపించిన డేవిడ్ వైట్ పేరు మీద వెలసిన ఊరే వైట్‌ఫీల్డ్. ఆంగ్లో ఇండియన్లు, గోవా వాద్యకారులే ఈ దేశంలో డాన్స్ బ్యాండ్లకు వెన్నెముక. మన గుంతకల్లు, కాజీపేట, బిట్రగుంట రైల్వే కాలనీల పెద్దవాళ్లను కదిపి చూడండి, రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో క్రిస్మస్ డాన్సులు, సాక్సోఫోన్లు వాళ్లకు గుర్తొస్తాయి.

విండ్‌మిల్స్ మంచి చోటే. కానీ అది టికెట్టు కొని, భోజనం చేసి, ఒక ప్రత్యేక సాయంత్రంగా వెళ్లే చోటు. 2023 అక్టోబరులో మెట్రో పర్పుల్ లైన్ పూర్తయినా జయనగర్ నుంచో రాజాజీనగర్ నుంచో వెళ్లిరావడం సగం రోజు పని. పేటలోని షాపు చేయగలిగినది వేరు. కూరగాయలకు వెళ్లి తిరిగొస్తూ లోపలికి తొంగిచూసి, రెండు పాటలు విని, ఓ పుస్తకం కొనుక్కుని ఇంటికెళ్లే సాయంత్రం అది.

పుస్తకాల దగ్గరకు కళను తేవడం మనవాళ్లకు తెలిసిన విద్యే. 1914లో బెజవాడలో గ్రంథాలయోద్యమం సంఘంగా ఏర్పడినప్పుడు అయ్యంకి వెంకటరమణయ్య, గాడిచర్ల హరిసర్వోత్తమరావు వంటి పెద్దలు గ్రంథాలయాన్ని పుస్తకాలు దాచే బీరువాగా చూడలేదు. 1935లో పాతూరి నాగభూషణం కృష్ణా కాలువలో పడవ మీద గ్రంథాలయం నడిపారు. ఊరి గ్రంథాలయం అరుగు మీద హరికథలు, ఉపన్యాసాలు విని అక్షరం వైపు తిరిగిన తరం ఒకటి మనకుంది. ఉద్యోగాలకని బెంగళూరు వచ్చి మారతహళ్లిలో, వైట్‌ఫీల్డ్‌లో, కె.ఆర్. పురంలో ఇళ్లు కట్టుకున్న లక్షలాది తెలుగువాళ్లు ఆ తరం మనవళ్లు, మనవరాళ్లు. ఈ నగరంలో ఇలాంటి సాయంత్రాలకు శ్రోతలు కావలసింది వాళ్లే.

షాపు యజమానులకు రెండు మాటలు చెప్పాలి. గది పెద్దది అక్కర్లేదు, ముప్పై మంది కూర్చుంటే చాలు. నెలకో ఆదివారంతో మొదలుపెట్టండి, కానీ తేదీ మార్చకండి. ఇంటి ఓనరుకూ, ఇరుగుపొరుగుకూ, స్థానిక పోలీసు స్టేషన్‌కూ ముందే చెప్పుకోండి. పాత పాటలే కదా అనుకోవద్దు, రచయిత పోయాక 60 ఏళ్ల దాకా హక్కులుంటాయి. జాజ్ స్వరకర్త డ్యూక్ ఎల్లింగ్టన్ పోయింది 1974లో. కాబట్టి ఐపీఆర్ఎస్ లైసెన్సు సంగతి కనుక్కోండి. అన్నింటికన్నా ముఖ్యం, వాయించినవాళ్లకు డబ్బివ్వండి. పేరు వస్తుందిలే అని ఉట్టినే వాయించమనడం మానేయాలి. హుండీ పెడితే అందులో పడింది మొత్తం వాళ్లదే కావాలి.

ఇక వినేవాళ్లం మనం. ఏప్రిల్ 30 అంతర్జాతీయ జాజ్ దినం, 2011లో యునెస్కో ప్రకటించింది. ఆ రోజు దాకా ఆగనక్కర్లేదు. మీ పేటలోని పుస్తకాల షాపుకు వెళ్లి, ఇక్కడ సంగీతం పెడితే మేం వస్తామని యజమానికి చెప్పండి. పెట్టాక మాట నిలబెట్టుకోండి. బాస్ వాయించేవాడి వంతు వచ్చినప్పుడు కబుర్లు వద్దు, అది గదిలో అన్నింటికన్నా చిన్న గొంతు. ఫోన్ జేబులో ఉంచండి. హుండీలో నోటు వేయండి. వెళ్లేటప్పుడు ఒక్క పుస్తకమైనా కొనండి, ఆ షాపు అద్దె కట్టుకుంటేనే వచ్చే నెల కచేరీ ఉంటుంది.